పిల్లి గొంగడి నేల నమలును?

గత చలికాలమున నొక సోమవారము ఉదయము, ప్రార్థన ముగిసి అందఱును తరగతులకు పోవుచుండగా, తొమ్మిదవ తరగతి బాలిక యొకతె నా వెంట వచ్చి, "మాస్టరుగారూ, పిల్లులకు పిచ్చి పట్టునా?" యని యడిగినది. సంగతి యేమని విచారింపగా, తమ యింట పెరుగుచున్న యెనిమిది నెలల పిల్లి నానమ్మగారి గొంగడిని అంచువెంట నమలి నాలుగైదుచోట్ల చేయి దూరునంత రంధ్రములు చేసినదనియు, అంతటితో నాగక తండ్రిగారి స్వెట్టరు చేతులను తినివైచినదనియు చెప్పినది. ముందటి రాత్రి పెద్దలందఱును కూర్చుండి, వచ్చు ఆదివారమునాడు దానిని గోనెసంచిలో వైచి మూసీ ఆవలి యొడ్డున విడిచిరావలెనని తీర్మానించిరట. ఆ మాట చెప్పుచు బాలిక కంట నీరు పెట్టుకొనినది.

నేను జీవశాస్త్రము బోధించువాడను. కప్ప గుండెలో గదులెన్నియో, బొద్దింక యెట్లు ఊపిరి పీల్చునో నిద్రలోనైన చెప్పగలను. కాని పిల్లి గొంగడి నేల తినునో నాకు తెలియదు. తెలియదనుటకు మొగమాటపడి, "సాయంకాలము చెప్పెదను, తరగతికి పొమ్ము" అంటిని. ఆ సాయంకాలము చెప్పలేకపోయితిని. పశువైద్యుల వ్రాతలను వెదకి చదువుటకు మూడు దినములు పట్టినది. అట్లు తెలిసికొనిన దానిని, ఆ యింటికి పోయి కన్నులార చూచిన దానిని మన పత్రిక చదువరుల కొఱకు ఇచట వ్రాయుచున్నాను. పిల్లులను పెంచు కుటుంబములు మన పాఠశాలలో తక్కువగా లేవు. ఇట్టి యలవాటునకు విసిగి పిల్లిని వీథిపాలు చేసినవారును లేకపోలేదు.

ఆ కుటుంబము రాజభవనపు రోడ్డునుండి లోనికి పోవు సందులలో నొకదానియందు, అపార్టుమెంటు మూడవ అంతస్తున కాపురముండును. సోమాజిగూడయందు ఒకప్పుడు తోటలును, పెంకుటిండ్లును, విశాలమైన ఆవరణములును ఉండెడివి. అట్టి యింట పిల్లి ప్రహరీగోడమీద ఎండకాగి, పెరటిలో తొండలను తరిమి, కట్టెల కుప్ప వెనుక ఎలుకను పట్టి, చీకటి పడిన తరువాత వంటింటి గడపకు వచ్చెడిది. నేను చూడబోయిన పిల్లికి దక్కినది మూడు గదులును, ఇనుపజాలి బిగించిన యొక బాల్కనీయును మాత్రమే. అది కార్లు నిలుపు సెల్లారులో నాలుగు వారముల కూనగా, ఒంటరిగా దొరకినదట. తల్లి యేమైనదో, తోబుట్టువు లుండిరో లేదో ఎవరికిని తెలియదు. బాలికయే దూదివత్తితో పాలు పట్టి బ్రదికించినది. పేరు చిట్టి.

నేను పోయినది దీపాలు వెలిగించు వేళ. నానమ్మగారు గొంగడి కప్పుకొని కుర్చీలో కూర్చుండియుండగా చిట్టి వచ్చి ఒడిలోని కెక్కినది. మొదట మూతితో వాసన చూచినది. పిమ్మట ముందరి పాదములతో చపాతీ పిండి పిసికినట్లు గొంగడిని మార్చి మార్చి నొక్కుచు, కన్నులు సగము మూసి, గురగురలాడుచు, ఒక కొనను నోట పట్టి పీల్చసాగినది. పసికూన తల్లి పొదుగును నొక్కి పాలు త్రాగు విధ మిదియే. ఐదారు నిమిషములైన తరువాత మెడ నొక ప్రక్కకు వాల్చి, తడిసిన యున్నిని చెక్కిటి పండ్ల నడుమకు త్రోసికొని, కత్తెరతో కత్తిరించినట్లు కత్తిరించి మ్రింగినది. పిల్లికి 30 పండ్లు. వానిలో మన దవడ పండ్లవలె నూఱునట్టివి లేవనియే చెప్పవచ్చును. దాని దవడ క్రిందికి మీదికి ఆడునే గాని ప్రక్కలకు కదలదు. కావున ఆవు నెమరు వేసినట్లు పిల్లి నమలజాలదు. కోసి మ్రింగుటయే దాని భోజనవిధానము. ఎలుకకును, గొంగడికిని అదే కత్తెర.

ఇచట నొక భేదమును గ్రహింపవలెను. పీల్చుట వేఱు, కొఱుకుట వేఱు, మ్రింగుట వేఱు. ఉన్నిని పీల్చి విడిచిపెట్టు పిల్లివలన గుడ్డ తడియును, అంతే. కొఱికి ఉమిసివేయు పిల్లివలన వస్తువునకే నష్టము. మ్రింగు పిల్లి సంగతి ప్రాణముతో కూడినది. ఇంటివారు చినిగిన గుడ్డను చూచి మొదట పిల్లిమీద కోపపడుదురు గాని, ఊడిన ముక్క యెక్కడ నున్నదని చూడరు. చినిగిన గుడ్డను నేలమీద పఱచి, దొరకిన పోగులను, ముక్కలను వాని వాని చోట పేర్చినయెడల ఎంత లోపలికి పోయినదో తెలియును. మేమట్లే చేసితిమి. స్వెట్టరులో జానెడు మేరకు లెక్క తేలలేదు. అప్పటివఱకు నవ్వుచున్న తండ్రిగారి మొగమున నవ్వు పోయినది.

ఇంతకును గొంగడియే యేల? దక్కను గొఱ్ఱెల నల్లని యున్నిని వడికి కురుమలు నేయు గొంగడికి నూలుబట్టకు లేని గుణములు కొన్ని కలవు. గొఱ్ఱె చర్మమున పుట్టు మైనమువంటి పదార్థము ఉన్నిలో ఎంత కడిగినను కొంత నిలిచియుండును. తడిసిన గొంగడి వాసన మనకే తెలియునపుడు పిల్లి ముక్కునకు తెలియుట కేమి? పైగా నేతకు ముందు పోగులకు చింతగింజల గంజి పట్టించుదురు. (ఉన్ని లేని నెల్లూరు గొఱ్ఱెలు మాంసమునకు లాభకరములని మందలలో చేరినది మొదలు దక్కను ఉన్నియు, దానితో గొంగడియు అరుదగుచున్నవి. నానమ్మగారి గొంగడి ఆమె తండ్రి యిచ్చినదట. ఆమె కోపమునకు కారణము లేకపోలేదని చెప్పుటకే యీ మాట.) ఉన్ని వాసనయే పిల్లి నాకర్షించునని కొందఱు తలచిరి. అందు కొంత నిజముండవచ్చును. కాని ఉన్ని దొరకనపుడు నూలును, నైలానును, ప్లాస్టికు సంచులను గూడ నమలు పిల్లు లున్నవి గనుక వాసన యొక్కటియే కారణమనుటకు వీలులేదు.

ఆహారము కానిదానిని తిను నలవాటునకు వైద్యులు పైకా యని పేరు పెట్టిరి. లాటిను భాషలో నిది కాకి కుటుంబమునకు చెందిన మాగ్‌పై యను పక్షి పేరు. అది కనబడినదెల్ల ముక్కున కఱచుకొని పోవునను ప్రతీతి నుండి యీ పేరు వచ్చినది. మనుష్యులయందును ఇది కలదు. గర్భిణీస్త్రీలు మట్టిని, పసిపిల్లలు గోడసున్నమును తినుట మన యూళ్లలో ఎఱుగనివారు లేరు. రక్తమున ఇనుము తగ్గినవారిలో ఈ కోరిక తఱచుగా కనబడును. పశువులలోను కలదు. 1920 ప్రాంతమున దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డు థైలరు అను పశువైద్య శాస్త్రజ్ఞుడు, బీళ్లలో పడియున్న యెముకలను ఆవులు నమలుటకు కారణము మేతలో భాస్వరము చాలకపోవుటయే యని కనిపెట్టెను. ఆ కుళ్లిన యెముకలలోని విషముచేత పశువులు గుంపులుగా చచ్చుచుండెడివి. భాస్వరము గల యెముకల పొడిని పెట్టగా వాని కా కోరికయే తగ్గినది.

ఇట్టి దృష్టాంతములను విన్నవారు పిల్లియు ఏదో లోపమువలననే ఉన్ని తినుననుకొనుట సహజము. రక్తహీనతగల పిల్లులు మట్టిని, గోడలను, తమ మలవిసర్జనపు తొట్టిలోని యిసుకను నాకుట నిజమే. కాని ఉన్ని తిను పిల్లులలో పెక్కింటికి ఆహారలోపము కారణమని తేలలేదు. కారణములు వేఱుచోట వెదకవలసివచ్చినది.

అందు మొదటిది వంశము. ఈ యలవాటు సయాము, బర్మా జాతులలో ఎక్కువ. సయాము పిల్లులు 1884 నాటికి ఇంగ్లండు చేరినవి. నేటి బర్మా జాతికి మూలమైన వాంగ్ మౌ అను పిల్లిని జోసెఫ్ థాంప్సన్ అను వైద్యుడు 1930 లో అమెరికాకు కొనిపోయెను. కొలది పిల్లులనుండి విస్తరించిన వంశములగుటచే పూర్వుల గుణములు, మంచివైనను చెడ్డవైనను, సంతతిలో దట్టముగా నిలుచును. 1997 లో ఇంగ్లండున జాన్ బ్రాడ్‌షా మొదలగువారు గుడ్డలు తిను పిల్లులను గూర్చి యజమానులను ప్రశ్నించి ప్రకటించిన వ్యాసమునందును ఈ తూర్పుదేశపు జాతులే ఎక్కువ. ఉన్నియే వానికి మొదటి యిష్టము, తరువాత నూలు, కృత్రిమపు బట్ట ఆ తరువాత.

రెండవది పసితనము. 2015 లో అమెరికాలో జరిగిన యొక పరిశోధన బిర్మను జాతిపిల్లులలో ముందుగా పాలు మాన్పబడినవానికిని, తోబుట్టువులు తక్కువగా గలవానికిని ఉన్ని పీల్చు నలవాటు ఎక్కువయని చూపినది. ఫిన్లండులో హెల్సింకి విశ్వవిద్యాలయమువారు సుమారు 5,700 పిల్లులను గూర్చి విచారించి, 2017 లో మఱియొక సంగతి ప్రకటించిరి. ఎనిమిది వారములకు ముందే తల్లిని బాసిన పిల్లులలో కఱచుగుణము ఎక్కువ. పదునాలుగు వారములు దాటువఱకు తల్లితో నున్నవానిలో ఒకేపనిని మితిమీఱి చేయు రోగపుటలవాట్లు తక్కువ. ఈ లెక్కను చూచినయెడల, నెల నిండీ నిండని కూనలను అంగళ్లలో కొని తెచ్చుట యెంత తొందరపాటో తెలియును. చిట్టిని ఎవరును కొని తేలేదు. దాని దురదృష్టము వేఱు. ఐనను ఫలితము అదే. పసితనమున తల్లిని బాసిన ప్రతి పిల్లియు ఉన్ని తినదని కూడ చెప్పవలెను.

మూడవది కడుపు. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయమువారు 2016 లో ప్రకటించిన పరిశోధనలో, ఇట్టి పిల్లులు అన్నింటికంటె ఎక్కువగా మ్రింగునవి బూటు లేసులును, దారములును అని తేలినది. ప్లాస్టికు, గుడ్డ తరువాతివి. ఈ పిల్లులకు తక్కినవానికన్న వాంతులు ఎక్కువ. ఎప్పుడు కావలసిన నప్పుడు తినుటకు ఆహారము అందుబాటున నుండుట వానిలో తక్కువ. కడుపులోని బాధవలన గుడ్డ తినునో, గుడ్డ తినుటవలన కడుపులో బాధ కలుగునో, ఇంత మాత్రముచేత నిర్ణయింప వీలులేదు. కాని గుడ్డ తిను పిల్లిని తిట్టుటకు ముందు దాని కడుపును పరీక్షింపవలెనని మాత్రము స్పష్టము.

చిట్టి భోజనమును గూర్చి విచారించితిని. ఉదయము పాలన్నము, రాత్రి పెరుగన్నము, ఎప్పుడైన నొక కోడిగ్రుడ్డు. ప్రేమతో పెట్టినదే, కాని పిల్లికి తగినది కాదు. పిల్లి మాంసాహారి. టారిను అను పదార్థమును మనవలె అది తన శరీరమున చాలినంత తయారు చేసికొనజాలదు, మాంసమునుండియే పొందవలెను. అది తగ్గినచో చూపు పోవును, గుండె కండరము చెడును. గుండెజబ్బునకు ఇదియే కారణమని 1987 లో అమెరికాలో కనిపెట్టిరి. అడవిలో నైనను, పెరటిలో నైనను పిల్లి దినమునకు పదినుండి యిరువది మాఱులు కొంచెము కొంచెముగా తినును. ప్రతి ముద్దకును పొంచి, ఉఱికి, పట్టి, బొచ్చును ఈకలను పీకి, కోసి తినును. ఇంట మనమిచ్చు మెత్తని యన్నము రెండు నిమిషములలో ముగియును. మిగిలిన దినమంతయు పంజాలకును పండ్లకును పనిలేదు. నా యభిప్రాయమున చిట్టికి గొంగడి తల్లియు, వేటయు, కాలక్షేపమును గూడ నైనది.

కొఱుకుటలన్నియు రోగములని తలపరాదు. కూనకు మూడున్నర నెలలనుండి ఆఱు నెలలలోపల పాలపండ్లు 26 ఊడి క్రొత్తవి వచ్చును. ఆ దినములలో చిగుళ్ల దురదచేత చెప్పులను, విద్యుత్తు తీగలను కొఱుకును. తీగలను మాత్రము తప్పక దాచవలెను. పెద్దపిల్లి యొకటి అకస్మాత్తుగా కొఱుకుట మొదలిడినచో పండ్లజబ్బు కావచ్చును. గడ్డి తినుట మఱింత సామాన్యము. కాలిఫోర్నియాలోని డేవిసు పశువైద్య కళాశాలవారు వేయికిపైగా పిల్లుల యజమానులను విచారింపగా, నూటికి 71 పిల్లులు ఆఱు మాఱులకు తక్కువకాకుండ మొక్కలు తినగా చూచినట్లు చెప్పిరి. వానిలో నాలుగవవంతు మాత్రమే తఱచుగా వాంతి చేసికొన్నవి. కడుపునొప్పికి మందుగా పిల్లి గడ్డి తినునని మనము చెప్పుకొనుమాట అంతగా నిలువదు. ప్రేగులలోని పురుగులను వెడలగొట్టుటకు పూర్వికులనుండి వచ్చిన సహజగుణమని ఆ పండితుల యూహ.

మన గోడల మొదళ్లలో వర్షాకాలమున మొలచు కుప్పింటాకు మొక్కను బాలబాలికలు ఎఱుగుదురు. కొందఱు మురిపిండాకు అందురు. దానిని వేరుతో పెఱికినచో ఆ వేరు వాసనకు పిల్లులు చేరి, నాకి, నమలి, దానిమీద పొరలాడును. పాశ్చాత్యులు అంగళ్లలో కొను పిల్లిపుదీనా చేయు పని మన సందులోని యీ కలుపుమొక్క వెలలేకుండ చేయును. అట్టి పిల్లిని చూచి పిచ్చి పట్టినదని జడిసినవారు పెక్కురు. కొంతసేపటికి లేచి దులుపుకొని పోవును.

ఇక ప్రాణాపాయమును గూర్చి. ఈ సందర్భమున నా చిన్ననాటి తప్పిదము నొకటి చెప్పక తప్పదు. నాకప్పుడు పదునొకండేండ్లు. మా యింటి పిల్లి, అమ్మ జడనుండి తీసి కిటికీలో వైచిన మల్లెదండను లాగి దారమును మ్రింగినది. ఎవరును చూడలేదు. రెండు దినములు అది తిండి ముట్టక మంచము క్రింద దాగినది. మూడవనాడు దాని నోటినుండి జానెడు దారము వ్రేలాడుచుండగా చూచి, తీసివేసినచో సుఖపడునని తలచి పట్టి లాగితిని. అది అఱచినది. నేను మఱల లాగితిని. మఱునాటి తెల్లవాఱుజామున చనిపోయినది. ఏల చనిపోయినదో ముప్పది యేండ్ల తరువాత, ఈ బాలిక ప్రశ్నకు సమాధానము వెదకుచు చదివితిని.

దారము యొక్క యొక కొన నాలుక మొదటనో, కడుపులోనో చిక్కుకొనును. మఱియొక కొన ప్రేగులలోనికి పోవును. ప్రేగు తన సహజమైన కదలికచేత దానిని ముందునకు త్రోయజూచును, దారము కదలదు, అందుచేత బొందు లాగినపుడు లంగా కుచ్చిళ్లుగా దగ్గఱకు వచ్చినట్లు ప్రేగు దారముమీద ముడుతలు పడి చేరును. అప్పుడా దారము ప్రేగుగోడను కోయును. ఉడికిన గ్రుడ్డును మన యిండ్లలో దారముతో రెండుగా కోయుట చూడలేదా? బయటి కొనను పట్టి లాగుట యనగా ఆ కోతను మన చేతితో చేయుటయే. కావున నోట నైనను, మలద్వారమున నైనను దారము కనబడినపుడు లాగరాదు. దానిని అట్లే యుంచి, ఆ దినముననే పశువైద్యునియొద్దకు కొనిపోవలెను. మాటిమాటికి వాంతి, తిండి మానుట, చొంగ కార్చుట, వీపు గూనుచేసి మూల నొదిగి కూర్చుండుట, ముక్కుచుండియు మలము రాకపోవుట, ఇవి గుఱుతులు. ఉన్ని ముక్కలును ఉండలుగా చేరి ప్రేగును మూయవచ్చును. శస్త్రచికిత్స సకాలమున జరిగినచో పెక్కు పిల్లులు బ్రదుకును.

మన నగరమున దారమునకు కొదువ లేదు. సంక్రాంతికి మేడలమీద గాలిపటపు మాంజా మిగిలియుండును. నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయస్థానము 2017 లో నిషేధించినను అది పూర్తిగా పోలేదు. క్రిస్మసు వేళ మన పాఠశాలలోను, ఇండ్లలోను చెట్టునకు చుట్టు మెఱుపు కాగితపు తోరణములు పిల్లి కంటికి కదలు పామువలె నుండును. కుట్టుపని చేయు ఆడపిల్లలు సూదితో కూడ దారమును విడిచి లేచుట చూచుచునే యున్నాను.

మొక్కలలో గన్నేరు, సైకసు, లిల్లీ అను మూడింటిని పిల్లి నోటికి అందనీయరాదు. లిల్లీజాతి పూల పుప్పొడి ఒంటినంటగా నాకినను పిల్లి మూత్రపిండములు చెడును. బట్టల పెట్టెలో వేయు నాఫ్తలీను ఉండలు పిల్లికి విషము, ఫినాయిలును అంతే. పిల్లి జోలికి రాకుండ గొంగడికి కిరసనాయిలు పూసెదమని ఆ తండ్రిగారు అనగా నేను వలదంటిని. మనుష్యుల జ్వరపు మాత్ర పారాసెటమాలు ఒక్కటియే పిల్లి ప్రాణము తీయును.

బుధవారమునాడు చిట్టిని ఒక వెదురుబుట్టలో మూతబెట్టి నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకు తీసికొనిపోయిరి. (రాజేంద్రనగరమున 1946 లో స్థాపితమైన పశువైద్య కళాశాల వారి వైద్యశాలయు కలదు, పడమటి పేటలవారు అచటికి పోవచ్చును.) డాక్టరుగారు కడుపు నొక్కి చూచి, ఎక్సురే తీయించి, అడ్డు లేదని చెప్పిరి. రక్తము కొంత తక్కువగా నున్నది. మలములో కొంకిపురుగుల గ్రుడ్లు కనబడినవి. పురుగుల మందు ఇచ్చిరి. ఆ మందుతోనే గొంగడి మాని బుద్ధిమంతురాలైనదని వ్రాయగలిగినచో కథ చక్కగా ముగియును. కాని అట్లు జరుగలేదు. రక్తము కుదుటపడినది, బరువు పెరిగినది, గొంగడి కొఱకు వెదకుట మానలేదు.

తరువాత చేసినవన్నియు ఇంటిలోని పనులే. గొంగడిని, ఉన్నిబట్టలను ఎండిన వేపాకుతో ఇనుపపెట్టెలో పెట్టి తాళము వేసిరి. పాలన్నము మాని, ఉప్పు కారము ఉల్లి లేకుండ ఉడికించిన కోడిమాంసమును, గ్రుడ్డును, వానితోపాటు పిల్లుల కొఱకే తయారైన అంగడి యాహారమును ఐదు పూటలుగా విభజించి పెట్టసాగిరి. అందు రెండు పూటలది గిన్నెలో పెట్టక, గ్రుడ్లు తెచ్చు అట్టపెట్టె గుంటలలోను, బాలిక రంధ్రములు చేసిన అట్టడబ్బాలలోను దాచుదురు. చిట్టి వెదకి, పంజాతో లాగి తినవలెను. ఉడికిన యెముకలను మాత్రము వేయరు. అవి చీలికలై గుచ్చుకొనును. కొఱుకుటకు పచ్చిక కావలెను గదా! పెండ్లిలో పాలికలకు నవధాన్యములు మొలకెత్తించినట్లును, తీజు పండుగకు లంబాడీ కన్యలు బుట్టలలో గోధుమలు మొలిపించినట్లును, బాల్కనీలో రెండు మట్టిమూకుళ్లలో గోధుమలు చల్లిరి. వారము దినములలో జానెడు పచ్చిక వచ్చినది. ఒకటి తినుచుండగా మఱియొకటి పెరుగును.

అన్నింటికంటె కష్టమైనది సాయంకాలము. గొంగడి కొఱకు అది వచ్చు వేళకు ముందుగా పదునైదు నిమిషములు కోడియీక కట్టిన కఱ్ఱతో ఆడించి, పరుగెత్తించి, చివర పట్టుకొననిచ్చి, వెంటనే తిండి పెట్టవలెను. ఆట ముగిసినపుడు ఆ యీకను, దారమును బీరువాలో దాచవలెను. మొదటి రెండు వారములు బాలిక ఒక్క దినమును తప్పలేదు. కొట్టుట, నీళ్లు చల్లుట, మిరపపొడి రాయుట ఎవరును చేయరాదని ముందుగనే మాట తీసికొంటిని. శిక్షించినచో పిల్లికి తెలియునది గుడ్డ తినరాదని కాదు, మనము చూచునపుడు తినరాదని. మఱియు భయము పెరిగినకొలది ఓదార్పు కొఱకు పీల్చుటయు పెరుగును. ఇవన్నియు చేసినను కుదరని పిల్లులు కొన్ని యుండును. వానికి మనసును శాంతపఱచు మందులు కలవు గాని, వానిని పశువైద్యుడే వ్రాసి, మోతాదు చూచుచుండవలెను.

ఇక గోనెసంచి మాట. ఆకలిదప్పులచే బాధపడు నట్టి స్థితిలో పెంపుడు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమునుబట్టి నేరము. ఇది నేను తండ్రిగారితో చెప్పగా ఆయన కొంతసేపు మాటాడలేదు. "మా యూళ్లో అందఱును అట్లే చేయుదురు, మాస్టరుగారూ" అనిరి. నిజమే. మా యూళ్లోను చేసెడివారు. పుట్టినది మొదలు మూడు గదులు దాటి యెఱుగని పిల్లి మూసీ యొడ్డున ఏ కుక్క నోట పడునో అని నానమ్మగారే అన్నారు. గొంగడి ఆమెది గనుక ఆమె మాటకు ఎదురు చెప్పుట యెవరికిని సాధ్యము కాలేదు. ఆదివారము గడిచినది, నెల దినములు చూతమనిరి.

అది జరిగి పదునొకండు నెలలైనది. ఈ నడుమ చిట్టి రెండు మాఱులు తప్పు చేసినది: ఒకసారి చుట్టపు చూపునకు వచ్చినవారి శాలువ, మఱియొకసారి బాలిక పరీక్షల దినములలో ఆట మానినపుడు కాలిమేజోడు. రెండుసారులును ముక్కలన్నియు పేర్చి చూడగా సరిపోయినవట. మొన్న నేను పోయినపుడు అది ఇనుపపెట్టె మూతమీద ముడుచుకొని నిద్రించుచుండెను. తాళపుచెవి నానమ్మగారి కొంగున నున్నది.